వెనక సీటు

“మీరు నడపండి అల్లుడుగారూ, నేను వెనక కూర్చుంటాను,” అన్నాడు వెంకటాద్రి, పంచె ఎగ్గట్టుకుంటూ.

షోరూములో సేల్స్‌మాన్ శ్రీకృష్ణ నవ్వు ఆపుకున్నాడు. బందరులో ఇన్ని బళ్ళు అమ్మాడు గానీ, అరవై దాటిన పెద్దాయన క్రూయిజర్ మోటార్‌సైకిల్ వెనక సీటెక్కడం అతను ఎప్పుడూ చూడలేదు.

గిరీష్ గుడివాడలో లెక్చరర్. వర్షిణితో పెళ్ళై రెండు నెలలు కాలేదు. దసరా సెలవులకి ఇద్దరూ బండి మీద కన్యాకుమారి వెళ్దామనుకున్నారు. చదువుకునే రోజుల నుంచీ గిరీష్‌కి క్రూయిజర్ మీదే మనసు. కొనేముందు తననీ తీసుకెళ్ళమని వెంకటాద్రి పమిడిముక్కల నుంచి ఫోన్ చేశాడు. గిరీష్ కాదనలేకపోయాడు.

“నడిపేది మీరు, వెనక కూర్చునేది మా అమ్మాయి. ఆ సీటు సంగతి నేను చూడాలి కదా!” అన్నాడు వెంకటాద్రి, బండెక్కుతూ.

చల్లపల్లి రోడ్డు మీద కొంతదూరం వెళ్ళి వచ్చారు. గిరీష్ మొహం వెలిగిపోతోంది. వెంకటాద్రి నడుం పట్టుకుని దిగాడు.

“ఎలా ఉంది మావయ్యగారూ?”

“బాగుంది. ఇప్పుడు మీరు వెనక కూర్చోండి. ఈయన నడుపుతాడు,” అని శ్రీకృష్ణని చూపించాడు.

గిరీష్‌కి అర్థం కాలేదు. అయినా కూర్చున్నాడు. పీటంత సీటు, అదీ వెనక్కి జారిపోయేలా ఉంది. పట్టుకోవడానికేమీ లేదు. గోతి వచ్చినప్పుడల్లా దెబ్బ నేరుగా వెన్నులోకి దిగుతోంది. తిరిగొచ్చి దిగి, క్రూయిజర్ ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి నిలబడ్డాడు.

“ఇంకోటి చూద్దామండీ, మావయ్యగారూ.”

రెండోది దూరప్రయాణాలకి చేసిన టూరింగ్ బండి. ఎత్తుగా ఉంది. వెనక సీటు వెడల్పుగా, పక్కన పట్టుకోవడానికి కడ్డీలతో ఉంది. గిరీష్ ఎక్కితే మునివేళ్ళు మాత్రమే నేలకి ఆనాయి.

“సామానుతో ఆపినప్పుడు పడేస్తానేమోనండీ. వర్షిణి కూడా ఉంటుంది,” అన్నాడు గిరీష్.

“సీటు కాస్త దించి ఇస్తాం సార్, దానికేం భయం లేదు,” అన్నాడు శ్రీకృష్ణ.

మళ్ళీ చల్లపల్లి రోడ్డే. ఈసారి షోరూము ముందు బండి ఆగినా వెంకటాద్రి దిగలేదు.

“ఇందాకటి దాంట్లో నాకు మీ వీపే కనిపించింది అల్లుడుగారూ. ఇందులో మీ భుజం మీంచి రోడ్డంతా కనిపిస్తోంది.”

గిరీష్ వెనక్కి తిరిగి చూశాడు. పెద్దాయన కళ్ళు తడిగా ఉన్నాయి.

“మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎక్కడికీ తీసుకెళ్ళలేకపోయాం. ఒక్కసారి హంసలదీవి వెళ్ళి సముద్రం చూసొచ్చాం, అంతే. ముందున్న దారి కనపడితే దానికి బాగుంటుంది.”

“ఇదే తీసుకుందామండీ.”

“మీ సరదా?”

“నా సరదా ఇద్దరం వెళ్ళాలనే కదండీ.”

వెంకటాద్రి జేబులో ఫోన్ మోగింది. “ఆ, మాత్రలు వేసుకున్నానమ్మా... టిఫిన్ అయ్యాకే వేసుకున్నా... బండి సంగతి నీకెందుకు, వచ్చాక చూద్దువుగాని... మీ ఆయన బంగారం, ఏం ఇబ్బంది పెట్టలేదులే.”

ఫోన్ పెట్టేసి హెల్మెట్ల వైపు నడిచాడు. “ఇది మాత్రం నేను కొంటాను. ఆడపిల్లకి సరిపోయేది చూపించవయ్యా. తీసేటప్పుడు బొట్టు చెరగకూడదు.”

శ్రీకృష్ణ ఒకటి తీసి ఇచ్చాడు. వెంకటాద్రి దాన్ని తన తలకే పెట్టుకుని, తీసి, నుదురు తడుముకుని చూసుకున్నాడు. ఇంకోటి పెట్టుకున్నాడు. నాలుగోదో అయిదోదో నచ్చింది.

“తిరిగొచ్చేటప్పుడు ముందు మీ ఇంటికే వస్తామండీ,” అన్నాడు గిరీష్.

“వద్దు వద్దు. ముందు మీ ఇంటికే వెళ్ళండి, అమ్మగారు ఎదురుచూస్తుంటారు. తీరిక చూసుకుని మా వైపు రండి, చాలు.”

గిరీష్ ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాడు. సంతకాలు పెట్టడానికి లోపలికి వెళ్ళాడు.

శ్రీకృష్ణ కుర్చీ తెచ్చి వేశాడు. “కూచోండి బాబాయిగారూ. అమ్మాయి కోసం ఇంతలా చూసే తండ్రిని నేనింతవరకూ చూడలేదండీ. ఒక్కతే కూతురా?”

వెంకటాద్రి హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

“మాకు కూతుళ్ళు లేరండీ. ఒక్కడే కొడుకు, పోయాడు.”

శ్రీకృష్ణ తెల్లబోయి, లోపల సంతకాలు పెడుతున్న గిరీష్ వైపు చూశాడు.

“వర్షిణి మా కోడలు.”