నిద్రలో నాటకం

"బడి ఎగ్గొట్టడానికి నాటకం, మూర్ఛ కాదు. ఇంటికి తీసుకెళ్లండమ్మా," అన్నాడు ట్రైనింగు డాక్టరు శశిధర్. అతడికి మార్కులు వేసే అరబ్బు పెద్ద డాక్టరు పక్కనే ఉన్నాడు.

దోహా ఆసుపత్రిలో వార్డు తుడుస్తున్న నేను నోరు మూసుకున్నాను. మా పాత కట్టడం సైట్ మేనేజర్ కొడుకే ఈ శశిధర్. ఈ పరీక్షలో ఫెయిలవ్వాలి.

తల్లి పిల్లవాడికి చెప్పులు తొడగసాగింది. ఇక ఆగలేకపోయాను.

"పొద్దుగాల పోరడు నిద్రల కాళ్లు చేతులు కొట్టుకున్నడు సారూ, నేను చూసిన. నిద్రల నాటకమాడుతరా?"

"ముందే ఎందుకు చెప్పలేదు, తాతా?" అన్నాడు శశిధర్.

"వరల్డ్‌కప్ స్టేడియం కట్టేకాడ నాతోటి కూలి పోశన్నకు మూర్ఛలొస్తే, మీ నాయన గిట్లనే నాటకమని పైకెక్కించిండు. పోశన్న పడి సచ్చిండు."

"ఏమంటున్నాడు?" పెద్ద డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు.

"మొత్తం చెప్పు," అన్నాను.

శశిధర్ వంగి పిల్లవాడి చెప్పులు విప్పాడు. తరవాత తన తండ్రి పేరుతో మొదలుపెట్టాడు.