హాలీకి, కల్దారుకి నడుమ

"ఆరు వందలే ఇస్తాను. కానీ కల్దారు కాదు, హాలీ," అన్నాడు ఆర్చర్, వచ్చీరాని తెలుగులో.

కారు తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డ డ్రైవరు మాసయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. అంకె అదే, రూపాయే వేరు. గద్వాల నిజాం రాజ్యం కిందిది, ఇక్కడ నడిచేది హాలీ సిక్కా. తుంగభద్ర దాటి కర్నూలులో కాలు పెడితే ఇంగ్లీషువాళ్ల కల్దారు. నూరు కల్దార్లు చేతికి రావాలంటే నూట పదహారు హాలీలు పొయ్యాలి. ఆ పైన పోసేదాన్నే వట్టం అంటారు. ఆరు వందల మీద వట్టమే వంద దాకా అవుతుంది.

ఆ వంద లేకపోతే జములమ్మ బతకదు.

దొర నాగిరెడ్డి పోయి ఆర్నెల్లు. ఆయన ఒక్కగానొక్క కూతురు జములమ్మను క్షయ పట్టుకుంది. మదనపల్లె దవాఖానలో ఏడాది ఉంచాలన్నారు. అది ఇంగ్లీషు ఇలాకా, హాలీ చెల్లదు. ఆరు వందల కల్దార్లు కావాలి. అందుకే దొరసాని తిమ్మమ్మ కారును అమ్మకానికి పెట్టింది. యుద్ధం రోజులు, పెట్రోలు కూడా చీటీల మీద ఇస్తున్న కాలం. గద్వాలలో కొనే నాథుడే లేడు. చివరికి కర్నూలు నుంచి ఈ ఇంగ్లీషాయన రైలెక్కి వచ్చాడు.

వచ్చినాయన మొదట కల్దారుకే ఒప్పుకున్నాడు. బేరం చెడగొట్టింది దొరసాని ధర్మబుద్ధి.

"మాసయ్యా, బండి సంగతి ఆయనకు చెప్పు," అంది తలుపు చాటు నుంచి. "దాచిపెట్టి అమ్మితె పాపం నా బిడ్డకు తగుల్తది." అంతలో లోపల జములమ్మకు దగ్గు తెర వచ్చింది. దొరసాని పరుగున వెళ్లిపోయింది.

మాసయ్య చెప్పాడు. దొరకు గుండెల్లో నొప్పి వస్తే రాయచూరు దవాఖానకు బయలుదేరారు. నందిన్నె దాటాక కారు ఆగిపోయింది. ఊళ్లోకి ఉరికి ఎడ్లబండి తెచ్చేలోగా దొర కన్నుమూశాడు. కారుకు ఎడ్లను కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మర్నాడు మాసయ్య ఒక్కడే కొట్టంలో కూచుని దాన్ని మళ్లీ నడిచేలా చేశాడు. పనిమంతుడంటే వీడే అన్నారు ఊళ్లో. ఆ మాట విన్నప్పటి నుంచి మాసయ్యకు కంటి మీద కునుకు లేదు.

ఆర్చర్ మూత ఎత్తి చూశాడు. ఇంజను నిక్షేపంలా ఉంది.

"మరి ఆ రోజు ఏం పాడైంది?"

"తెల్వదు సాబ్."

పన్నెండేళ్లు ఆ కారు నడిపినవాడు. దూరం నుంచి చప్పుడు విని దాని రోగం చెప్పేవాడు. వాడే తెల్వదంటే, ఏం చెడిందో తెలియని బండికి కల్దార్లు పొయ్యడానికి ఆ ఇంగ్లీషాయనేమన్నా వెర్రివాడా? హాలీకి దిగాడు. ఇక దిగనన్నాడు.

మాసయ్య లోపలికి వెళ్లి, ఆరు వందలకు కుదిరిందని చెప్పాడు.

"కల్దారేనా?" కూతురి వీపు నిమురుతూనే అడిగింది దొరసాని.

జములమ్మ ఎముకల గూడులా ఉంది. ఆ పిల్లను చూశాక మాసయ్య నోట మరో మాట రాలేదు.

"కల్దారే అమ్మా. సావుకారు దగ్గర ఇప్పిస్తడట, పొద్దుగూకెలోగ నేను తెస్త."

అనేశాడు, ఇక ఆ వట్టం చచ్చినట్టు తనే నింపాల్సిందే. ఆర్చర్ ఇచ్చిన హాలీ మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి పోయాడు. పెళ్లాం ఈదమ్మ కాళ్ల వెండి కడియాలు అడిగాడు. పాలిచ్చే బర్రెను అంగడికి తోలతానన్నాడు.

"నీకేమన్న దయ్యం పట్టిందా? దొరసాని సొమ్ము తక్కువైతె మనమెందుకు నింపాలె?"

మాసయ్య తల దించుకుని బర్రె పలుపు విప్పాడు. ఈదమ్మ శాపనార్థాలు పెడుతూనే కడియాలు ఊడదీసి అతని ముందు పడేసింది.

బజారులో సావుకారు హాలీ తీసుకుని కల్దార్లు ఇస్తూ, నీకెంత మిగిలిందిరా అని కన్ను గీటాడు. ఆ మాటలో తప్పేం లేదు. మారకం చేతికొస్తే పొట్ట నింపుకోని డ్రైవరును గద్వాలలో ఎవరూ చూసి ఉండరు.

మాసయ్య మూట తెచ్చి దొరసాని ముందు పెట్టేసరికి ఆమె తమ్ముడు కురుమూర్తి కాచుకుని కూచున్నాడు. పిల్లిని పాలకు కాపు పెట్టావని పొద్దుటి నుంచి అక్కను సాధిస్తున్నాడట. ఒక్కో రూపాయినీ నేల మీద మోగించి మరీ చూశాడు. సరిగ్గా ఆరు వందలు. అన్నీ కల్దార్లే. కురుమూర్తి మొహం మాడిపోయింది.

దొరసాని అందులోంచి ఐదు రూపాయలు తీసి అతని వైపు చాచింది. మాసయ్య నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"తీస్కో మాసయ్యా," అంది దొరసాని. "ఆ దినం బండి మోసం జేసింది గాని, నువ్వు జెయ్యలె. దొర ఉంటె నిన్ను సూసి మురిసెటోడు."

మాసయ్య గడప మీద కూలబడి భోరుమన్నాడు. ఎంత విశ్వాసం అని కురుమూర్తి కూడా కళ్లు తుడుచుకున్నాడు.

నందిన్నె దగ్గర ఆ కారుకు ఏ రోగమూ రాలేదు. ముందురోజు సాయంత్రం దాని ట్యాంకులోని పెట్రోలు తీసి, మూడు కల్దార్లకు అమ్ముకున్నాడు మాసయ్య.