భూమి వదలని బుజ్జమ్మ

చంద్రుడి మీద పనిచేసి రిటైరైనవాళ్ళు సూళ్ళూరుపేటలో ఇప్పుడు వీధికి పదిమంది. వాళ్ళనెవరూ పట్టించుకోరు. పైనుంచి సెలవులకి దిగినవాళ్ళు ఆటోగ్రాఫు కోసం వరసకట్టేది దోసెలబండి బుజ్జమ్మ దగ్గర. ఊళ్ళో ఒక్కసారైనా పైకి వెళ్ళనిది ఆమె ఒక్కతే.

"అడిగినోళ్ళందరికీ సంతకాలు పెట్టాలని రూలేం లేదక్కా. ఆ రోజుల్లో నేనైతే మొహం చాటేసేవాణ్ణి," అన్నాడు మాజీ వ్యోమగామి పెంచలయ్య, పెనం మీద మాడబోతున్న తన దోసెను చూస్తూ.

"అంత దూరం నుంచి వచ్చినోళ్ళని ఊరికే పంపిస్తామా అబ్బయా? నువ్వు కాస్త ఈ అట్లకాడ పట్టుకో."

పెంచలయ్య దోసె తిరగేశాడు. ఎర్రగా, చక్కగా వచ్చింది. వరసలో ముందున్న అమ్మాయి ఫోనెత్తింది.

"అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా? ఫొటోలో పడుతున్నారు."

"అట్టాగే తల్లీ," అంటూ పెంచలయ్య అట్లకాడతో సహా పక్కకి జరిగాడు.