వేడెక్కని బోర్డు

"నా మాట విని నీ తెల్ల బోర్డు వెనక్కి పంపెయ్‌రా," అన్నాడు బావ, కుర్చీలో కాలు మీద కాలేసుకుని.

"పరీక్ష మొదలవకుండానే తీర్పు చెప్పేస్తే ఎలా బావా?" అన్నాడు బావమరిది.

ఇంటి ముందుగదిలోనే ఇద్దరూ కలిసి కంప్యూటర్లు తయారుచేసి అమ్ముతారు. ఇప్పుడో యానిమేషన్ స్టూడియో వాళ్లు తమ మిషన్లన్నీ వీళ్లకే అప్పగించారు. వాటిలో ఏ మదర్‌బోర్డు పెట్టేదీ ఈరోజు తేల్చి చెప్పాలి. బోర్డు ఎంచడం ఎప్పుడూ బావ పని, స్క్రూలు బిగించడం బావమరిది పని. ఈసారి మాత్రం బావమరిది ధైర్యం చేసి తనూ ఒక బోర్డు ఎంచుకొచ్చాడు. స్టూడియో సంగతి ఎలా ఉన్నా, బావ నోట 'బాగుందిరా' అన్న ఒక్క ముక్క వినాలని అతని తాపత్రయం. బావ నోటి వెంట మెప్పు రాలడమంటే మాటలు కాదు.

బల్ల మీద రెండు మిషన్లు పక్కపక్కనే ఉన్నాయి. లోపల ప్రాసెసర్, మెమరీ అన్నీ ఒకటే, బోర్డులే వేరు. ఎడమవైపు మిషన్లో ఉన్నది బావ ఎంచిన నల్ల బోర్డు. దీపాలు సర్కసుకే గాని కంప్యూటర్‌కి ఎందుకంటాడు బావ, అందుకని దానికి ఒక్క దీపం కూడా లేదు. కుడివైపున్న తెల్ల బోర్డు మాత్రం రంగురంగులుగా మెరిసిపోతోంది.

పక్షపాతం అన్న మాట రాకూడదని బావ ఒకే తెర, ఒకే కీబోర్డు పెట్టి, మధ్యలో రెండు మీటలున్న చిన్న డబ్బా అమర్చాడు. ఒకటో మీట నొక్కితే తెర మీదికి నల్లది వస్తుంది, రెండోది నొక్కితే తెల్లది. వైర్లు కంటికి కనబడ్డాయంటే బావకు ఒళ్లు మంట. అన్నిటినీ జడలా అల్లి, బిగించి కట్టి, బల్ల వెనక దాచేశాడు.

"ఒకటి నొక్కు."

బావమరిది నొక్కాడు. తెర మీద స్టూడియో వాళ్లిచ్చిన బొమ్మల సినిమా ముక్క ఒకటి తయారవడం మొదలైంది. బావ ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని, అది పూర్తయ్యేదాకా చూసి తృప్తిగా తలూపాడు.

"చూశావా? ఇంత బరువు పనీ మంచినీళ్లు తాగినట్టు చేసేసింది. ఇప్పుడది మూసేసి నీది నొక్కు."

బావమరిది రెండు నొక్కి, అదే ముక్క మళ్లీ మొదలుపెట్టాడు.

"ఇదీ బాగానే నడుస్తోంది కదా బావా?"

"నడుస్తోంది. కాకపోతే ఈడుస్తూ నడుస్తోంది. నీకు కనబడటం లేదూ?"

బావమరిది కళ్లు చిట్లించి చూశాడు. బావ అన్నాక అతనికీ అలాగే అనిపించి, పాపం, మనసు చివుక్కుమంది.

మళ్లీ మళ్లీ పరుగెత్తించారు. వెంట్రుకవాసి తేడాతో ఒకసారి ఒకటోది గెలిచింది, ఇంకోసారి రెండోది. ఒకటోది గెలిస్తే అది పనితనం అన్నాడు బావ. రెండోది గెలిస్తే గాలివాటం అన్నాడు.

అక్క టీ తెచ్చి, ఇద్దరి భుజాల మీదుగా తెరలోకి తొంగిచూసింది.

"నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయండీ."

"అదే మరి నీ కళ్లకీ మా కళ్లకీ తేడా," అన్నాడు బావ ముద్దుగా.

"అవును మరి, మీ కళ్లకి అన్నం చల్లారిపోవడం మాత్రం కనబడదు," అంటూ అక్క అక్కడే స్టూలు లాక్కుని కూర్చుంది.

బావమరిదికి ఒకే ఒక్క ఆశ మిగిలింది. "వేడి సంగతి చూద్దాం బావా. ఇంతసేపు పని చేయించాక కదా బోర్డు సత్తా తెలిసేది."

తన మిషన్ మీద చెయ్యి పెట్టాడు. వెచ్చగా తగిలింది. బావ తన మిషన్ మీద అరచెయ్యి ఆనించాడో లేదో, మొహం చాటంత అయింది.

"నువ్వే చూడరా."

చూశాడు. చల్లగా ఉంది. చెవి ఆనించి విన్నాడు. చప్పుడన్నది లేదు.

"ఇంత చాకిరీ చేసీ వేడెక్కలేదంటే, కరెంటు ఎంత ఒడుపుగా అందిస్తోందో ఆలోచించు," అన్నాడు బావ.

"ఒప్పుకున్నా బావా, నీదే గెలిచింది." అన్నాడు బావమరిది చిన్నబోయి. అయినా బావ చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటే అతనికీ నవ్వొచ్చింది.

బావ అప్పటికప్పుడే స్టూడియోకి ఫోన్ చేశాడు. "నల్లదే ఖాయం సార్. పొద్దుట్నుంచీ తెర మీద నుంచి కన్ను తిప్పలేదు నేను. ఎక్కడా తడబడలేదు, తొట్రుపడలేదు. ఇంత మంచి బోర్డు ఇన్నేళ్లలో నా చేతికి రాలేదంటే నమ్మండి."

ఈ మాటల్లో సగం తన బోర్డు గురించి అని ఉంటే ఏడాది పాటు వాటితోనే కడుపు నింపుకునేవాడు బావమరిది. నిట్టూర్చి లేచాడు. గెలిచినదానికి మర్యాద ఇచ్చి ముందు దాన్నే ఆపుదామని, బావ మిషన్ బటన్ నొక్కాడు.

గిర్రుమంటూ దాని ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి.

ముగ్గురూ బిక్కమొహాలు వేసుకుని దానివైపే చూశారు.

"పొద్దున నువ్వు దీన్ని ఆన్ చేయలేదూ?" అన్నాడు బావ.

"బొమ్మ వచ్చింది కదా, నువ్వే చేశావనుకున్నాను బావా."

బావ గబగబా బల్ల వెనక్కి వెళ్లి వైర్ల జడ విప్పాడు. ఒకటో మీట వైరూ, రెండో మీట వైరూ తిన్నగా పోయి తెల్ల బోర్డు వెనకే దూరి ఉన్నాయి. అక్క నవ్వు ఆపుకోలేక స్టూలు మీంచి లేచి లోపలికి పోయింది.

బావ తెల్ల బోర్డు వైపు చూశాడు, బావమరిది వైపు చూశాడు, గొంతు సవరించుకుని మళ్లీ ఫోన్ కలిపాడు.

"సార్, ఇందాక నేను చెప్పినవన్నీ అక్షరాలా నిజం. బోర్డు పేరొక్కటే మార్చి రాసుకోండి."