దానిమ్మకు పట్టిన గ్రహణం

"మూడో కొమ్మ కూడా అంతే. గోధుమరంగు," అంది నర్సు, దానిమ్మ మీంచి గోరు తీసి. "ఇది పోయిందన్నా."

బస్సు డ్రైవరు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "సరిగ్గా చూశావా సిస్టర్?"

"చిటారు కొమ్మలన్నీ గీకాను. ఎక్కడా పచ్చ లేదు."

బెరడును గోటితో గీకి చూడమని వాళ్ళకు నేర్పింది లెక్కల మాస్టారే. లోపల పచ్చగా ఉంటే చెట్టు బతికున్నట్టు, గోధుమరంగులో ఉంటే లేనట్టు. కాలనీ వెనక తలా నాలుగు గజాలు పంచుకుని తోట పెంచుకుంటున్న ఈ పదిమందికీ చలికాలం పోగానే అదే మొదటి పని. ఎండినవాటిని పీకి, ముక్కలు చేసి, ఎరువు గుంతలో వెయ్యాలి. ఇవాళ సూర్యగ్రహణం కూడా ఉండటంతో అందరూ పనులు తొందరగా ముగించి, పనిముట్ల షెడ్డు అవతల ఖాళీ జాగాలో చేరుతున్నారు.

ఆ దానిమ్మ మాస్టారిది. అంటే, పోయినేడు చనిపోయిన ఆయన భార్య నాటింది. మాస్టారి గుండెకు ఆపరేషన్ తప్పదని డాక్టర్లు చెప్పి నెల దాటింది. రేపు ఉదయమే ఆస్పత్రిలో చేరాలి. మాస్టారిది మాత్రం ఒకటే మొండిపట్టు. "ఆవిడ చెట్టు చిగురిస్తే కోయించుకుంటాను. లేదంటే నన్ను రమ్మంటోందని లెక్క." లెక్కల మాస్టారయ్యుండి ఇదేం లెక్కో ఎవరికీ అర్థం కాలేదు. నర్సు తిట్టింది, బతిమాలింది, ఒకసారి ఏడ్చింది కూడా. గోడకు చెప్పుకున్నట్టే అయింది.

"పొద్దున్నే కుళాయి దగ్గర కనిపించారు," అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి. "ఇస్త్రీ చొక్కా. గోళ్ళ నిండా మట్టి. మొహంలో మాత్రం ఎన్నాళ్ళకో నవ్వు. గ్రహణం అయ్యాక మీ ఇద్దరికీ ఒకటి చూపించి నా నిర్ణయం చెబుతాను అన్నారు."

నర్సు మొహం పాలిపోయింది. ఇరవై ఏళ్ళుగా వార్డులో చూస్తూనే ఉంది. అంతవరకూ విలవిల్లాడిన మనిషి ఉన్నట్టుండి తేలికపడి నవ్వాడంటే, చాలామట్టుకు ఆశ వదిలేసుకున్నట్టే.

"చూపించడానికేముంది, ఈ ఎండు కట్టేగా! మనం అనుకున్నది చేసేద్దాం," అంది.

షెడ్డులో గోనెపట్టా కింద, నర్సరీ నుంచి తెచ్చిన దానిమ్మ మొక్క దాగి ఉంది. అంతే ఎత్తు, అంతే లావు. కొమ్మకొమ్మకీ ఎర్రటి లేత చిగుళ్ళు.

"గ్రహణం కళ్ళద్దాలు పెట్టుకుంటే సూర్యుడు తప్ప ఇంకేదీ కనపడదు. నేనాయన్ని కబుర్లలో పెడతాను. నీకు పావుగంట చాలా?" అన్నాడు డ్రైవరు.

"మట్టి గట్టిగా లేకపోతే చాలు."

అంతలో మాస్టారు రానే వచ్చారు.

"ఏమోయ్ డ్రైవరూ! ఇవాళ సూర్యుడు కూడా బ్రేకు వేస్తున్నాడట?"

"మీకు ముందు సీటు ఉంచాను మాస్టారూ, పదండి."

"అమ్మాయ్, నువ్వు రావా?"

"ఇదిగో, చేతులు కడుక్కుని వస్తున్నా."

"తొందరగా రా. గ్రహణం కంటే మంచిది చూపిస్తాను."

చావును మంచిదంటున్నాడు ఈ మనిషి, అనుకుంది నర్సు.

వాళ్ళటు వెళ్ళగానే పార తీసింది. వెలుతురు పలచబడుతోంది. పిట్టలు ఒక్కొక్కటే అరుపులు మానుకుంటున్నాయి. చెట్టు మొదట్లో మట్టి ఎవరో తవ్వి కప్పినట్టు వదులుగా ఉంది. అదృష్టం కలిసొచ్చిందనుకుంది. నాలుగు పోట్లకు వేళ్ళు తెగి చెట్టు చేతిలోకి వచ్చింది. కత్తెరతో దాన్ని ముక్కలు చేసి గుంతలో పారేసింది. కొత్త మొక్క పెట్టి, మట్టి కప్పి, పైన ఎండాకులు పరిచింది. పూర్తిగా చీకటైన క్షణాన షెడ్డు అవతల అందరూ ఒక్కసారిగా అబ్బా అన్నారు. ఆ చీకట్లోనే నర్సు చేతులు కడుక్కుంది.

వెలుగు తిరిగొచ్చింది. మాస్టారు అందరికంటే ముందు, డ్రైవరు చెయ్యి పట్టుకుని లాక్కుంటూ వచ్చారు. దానిమ్మను చూసి ఆగిపోయారు.

"చిగురించింది మాస్టారూ!" డ్రైవరు అవసరానికి మించి గట్టిగా అరిచాడు.

మాస్టారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఎండాకులు పక్కకు నెట్టి, మొక్క మొదట్లో మట్టిలోకి వేళ్ళు పోనిచ్చి చాలాసేపు తడిమారు.

"పాతది ఏదమ్మా?"

నర్సు తలొంచుకుంది. "ఎండిపోయింది మాస్టారూ. నేనే గీకి చూశాను. మీరు మాకు కావాలి, అందుకే..."

"ఏం చేశావు దాన్ని?"

"ముక్కలు చేసి గుంతలో వేశాను."

ఆయన ఏదో చెప్పబోయి ఆగారు. నర్సు తల మీద చెయ్యి పెట్టారు. "నా కోసమే చేశారు, నాకు తెలుసు. రేపు నాకేమైనా అయితే మీ తప్పేమీ లేదు. గుర్తుంచుకోండి."

"మరి ఆస్పత్రి?"

"వద్దులే అమ్మా. ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మను."

"ఏదో చూపిస్తానన్నారు కదా మాస్టారూ?" అన్నాడు డ్రైవరు, ఆయన్ని ఎలాగైనా ఆపాలని.

"ఇప్పుడేం లేదోయ్."

గేటు తీసి, మళ్ళీ జాగ్రత్తగా వేసి వెళ్ళిపోయారు.

"దొరికిపోయాం," అన్నాడు డ్రైవరు. "దీనికి మిగతా బతుకంతా క్షమాపణ చెప్పుకున్నా సరిపోదు."

నర్సుకు ఏడుపు ఆగలేదు. మాస్టారి భార్య నాటిన చెట్టు ముక్క ఒక్కటైనా ఆయన చేతిలో పెట్టి కాళ్ళ మీద పడదామని గుంతలోకి దిగింది. అన్నిటికంటే లావైనది, వేరు మొదలు, దొరికింది. కొంగుతో మట్టి తుడిచింది. మట్టిలో కప్పబడి ఉండే చోట బెరడు మీద ఒక గోటి గీత కనిపించింది. తాజా గీత. అది ఆమె గీసింది కాదు.

గీత లోపల పచ్చగా ఉంది.