ఇంటిల్లిపాదీ చూసే నాటకం

"ఆపండి! ఛీ ఛీ... ఆపండెహె!"

ముందు వరస కుర్చీలోంచి చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. స్టేజీ మీద కొట్టిన చెయ్యి దించకుండానే రిజ్వాన్ బిగుసుకుపోయాడు. చెంప పట్టుకుని కూలబడబోతున్న మనోజ్ఞ, పడాలో లేవాలో తెలియక అలాగే వంగి ఉండిపోయింది. దెబ్బ మాత్రం బ్రహ్మాండంగా పేలింది. నాటకాలవాళ్ళ చెంపదెబ్బ సంగతి తెలిసిందే కదా! కొట్టేవాడి చెయ్యి చెంపకు జానెడు దూరంలోంచి పోతుంది. తినే మనిషే కొంగు చాటున రెండు చేతులూ చప్పున చరుస్తుంది.

"ఏమైంది సార్?" డైరెక్టర్ హమీద్ పరుగెత్తుకొచ్చాడు.

"ఇంకా ఏమవ్వాలయ్యా? బయట బోర్డు మీద ఏం రాయించావు? ఇంటిల్లిపాదీ కలిసి చూసే నాటకాలు అని కాదూ? ఇదా ఇంటిల్లిపాదీ చూసేది? కడుపులో దేవుతోంది నాకు."

ఆ బోర్డు వేలాడుతున్నది చెంచురామయ్య షెడ్డుకే. వేంసూరులో ఆయన పాత రైస్ మిల్లు షెడ్డు. కిరాయి లేకుండా ఇచ్చాడు. ఆదివారాలు అందులో పిల్లలు పాట, ఆట, నటన నేర్చుకుంటారు. రేపు సాయంత్రం నాటకం. ఈయన పొమ్మంటే నాటకంతో పాటు పిల్లల క్లాసులు కూడా రోడ్డున పడతాయి. ఆ సంగతి హమీద్‌కు తెలుసు. హమీద్‌కు తెలుసని చెంచురామయ్యకు ఇంకా బాగా తెలుసు.

"తాగొచ్చిన మొగుడు పెళ్ళాన్ని కొట్టే సీన్ సార్. కథంత దీని మీదనే నిలబడ్డది. చివర్ల ఆమె బిడ్డను తీసుకొని..."

"నాకు కథలు చెప్పకు. చూస్తుంటే ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంది. రేపు పెద్దమనుషులు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ళ ముందు ఈ రోతా?"

"బాగానే ఉందండీ, పిల్లలు పాపం కష్టపడి..." పక్క కుర్చీలోంచి ఆయన భార్య రాఘవమ్మ మెల్లగా అంది.

"నువ్వూరుకో. నీకేం తెలుసు?"

రాఘవమ్మ ఒళ్ళో ఉన్న అట్ట కిరీటానికి పూసలు కుట్టుకుంటూ తల వంచేసింది.

హమీద్‌కు ఒళ్ళు మండింది. మండదా మరి! వీధి వీధికీ బెల్టుషాపు నడుస్తుంటే దేవని కడుపు, స్టేజీ మీద ఉత్తుత్తి దెబ్బకు దేవిందట మహానుభావుడికి. కానీ నోరు తెరవడానికి లేదు.

రిజ్వానే ఉండబట్టలేకపోయాడు. "ఊళ్ళె లేనిది చూపిస్తున్నమా సార్? మా మొబైల్ షాపు ఎదురుంగనే రోజూ జరుగుతది గీ లొల్లి."

"జరిగితే జరుగుతుందిరా, అలగా కొంపల్లో. నేను మాట్లాడేది కుటుంబాల సంగతి."

"మరి నన్నేం జేయమంటరు సార్?" మనోజ్ఞ నిటారుగా లేచింది. "దెబ్బ తినకుండ నేనెందుకు ఏడ్వాలె? ఇల్లిడిచి ఎందుకు పోవాలె?"

చెంచురామయ్య ఆ పిల్ల వైపు చూడను కూడా చూడలేదు. మొహం చిట్లించుకుని తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"పోనీ కర్టెన్ వెనక కొట్టిద్దాం సార్" హమీద్ బతిమాలాడు. "కనపడనే కనపడది. ఉత్త చప్పుడే."

"చప్పుడా! అది ఇంకా దరిద్రం. పక్కింటివాళ్ళంతా వినరూ? ఇదిగో హమీదూ, ఇట్లాంటివి నా షెడ్డులో వేస్తే ఊరుకోను. రేపు తాళం వేసుకుంటా. తర్వాత నీ ఇష్టం."

పిల్లలు గోడకు అంటించుకున్న రంగు కాగితం పులులు, నెమళ్ళు హమీద్ కంటబడ్డాయి. ఇల్లందు నుంచి సామాను మోసుకొచ్చి ఇక్కడ దుకాణం పెట్టింది ఈ పిల్లల కోసమే కదా! థూ, ఏం బతుకురా నాది, అనుకున్నాడు. పొద్దున్నుంచీ ఒకాయన కాళ్ళు పట్టుకోవడమే పని. మళ్ళీ తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. ఈ పెద్దమనిషి ఇంట్లోంచి గట్టిగా ఒక్క మాట కూడా బయటికి రాదని ఊరంతా అంటుంది. అట్లాంటివాడికి ఆడమనిషి దెబ్బలు తినడం చూస్తే వికారంగానే ఉంటుందేమో. తప్పేముంది?

"సరే సార్, మీ మాటే కానీయండి. కొట్టుడే ఉండది. మొగుడు నాలుగు తిట్లు తిట్టి ఎళ్ళిపోతడు, అంతే."

మనోజ్ఞ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారివి నాటకంలోవి కావు. రిజ్వాన్ నడుముకు చుట్టుకున్న తాగుబోతు తువ్వాలు విప్పి విసిరికొట్టాడు.

చెంచురామయ్య హమీద్‌ను ఎగాదిగా చూశాడు.

"కొట్టడం తీసెయ్యమని ఎవడన్నాడయ్యా నిన్ను?"

"అంటే... మీరే కద సార్, కుటుంబాలు చూసే..."

"తాగొచ్చిన మొగుడు కొట్టక ముద్దు పెట్టుకుంటాడా? కొట్టించు. నేనెందుకు వద్దంటాను? కానీ మొహం మీద ఏంటయ్యా, అసహ్యంగా! తెల్లారి ఆ ఆడది ముగ్గెయ్యడానికి వాకిట్లోకి రావద్దూ? పాలవాడు చూడడూ? పరువు గల కుటుంబంలో ఎవడన్నా చేసే పనేనా ఇది?"

చెంచురామయ్య ఒక అడుగు దగ్గరికి జరిగి, తెలియనివాడికి పాఠం చెబుతున్నట్టు, హమీద్ వీపు మధ్యలో వేలు పెట్టి చూపించాడు.

"ఇదిగో, ఇక్కడ. జాకెట్టు కప్పే చోట. నమ్మకపోతే మా రాఘవమ్మను చూడు. నలభై ఏళ్ళ కాపురం. మొహం మీద ఒక్క మచ్చ ఉంటే చూపించు!"