దొరసాని బేరం

"మళ్ళీ పోయాయా మామయ్యా?"

యాపిల్ పళ్ళు కోస్తున్న కోడలు కత్తి పక్కన పెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. వంటగది గుమ్మంలో నిలబడ్డ మామగారు జేబులన్నీ తడుముకుని, ఆఖరికి టోపీ కూడా తీసి చూసుకున్నాడు.

"ఇక్కడే ఎక్కడో పెట్టానమ్మా."

"ఇక్కడా లేవు, ఎక్కడా లేవు. దొరసాని దగ్గరే ఉంటాయి, పదండి."

ఆ చింపాంజీల సంరక్షణ కేంద్రంలో వంటగది కోడలిది, చింపాంజీల ఆలనాపాలనా మామగారిది. ఈ మధ్య ఆయన తన స్కూటర్ తాళం, ఇంటి తాళం, బీరువా తాళం ఉన్న గుత్తిని రోజూ పోగొట్టుకుంటున్నాడు. అదీ ప్రతిసారీ దొరసాని గది ఇనప జాలీ దగ్గరే. తోటి పనివాళ్ళు ఆయనకు మతిమరుపు మామ అని పేరు కూడా పెట్టేశారు. చింపాంజీల గదుల తాళాలు మాత్రం మెడలో తాడుకి భద్రంగా వేలాడుతున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి ఉద్యోగం ఊడేది.

దొరసాని సర్కసు నుంచి విడిపించి తెచ్చిన ముసలి చింపాంజీ. పండు మీద చిన్న మచ్చ కనిపించినా పక్కకి నెట్టేస్తుంది కాబట్టి ఆ పేరు. వీళ్ళు వెళ్ళేసరికి జాలీ వెనక గోడకి చేరగిలబడి, గుత్తి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

చింపాంజీ చేతిలో ఏ వస్తువు పడినా లాక్కోకూడదు, పండు ఇచ్చి మార్చుకోవాలి. అది కేంద్రం నియమం. మామగారు యాపిల్ ముక్క చూపించాడు. దొరసాని రింగులోంచి ఒక తాళం ఊడదీసి ఇచ్చింది. ఇంకో ముక్కకి ఇంకో తాళం.

"మొత్తం ఒకేసారి ఇచ్చేస్తే నీ సొమ్మేం పోయిందే?" అంది కోడలు.

దొరసాని ఆమెను ఖాతరు చేయలేదు.

"మామయ్యా, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి. అత్తయ్య బెంగ పెట్టుకుంది. మీరు పేరు పెట్టి పిలిస్తే చాలు, గుర్తుపట్టారని సంబరపడిపోతోంది."

"నా సంగతి తర్వాత. ఇవాళ డాక్టరమ్మ వచ్చేది దీనికోసం," అన్నాడాయన.

పోయినసారి ఆ జంతువుల డాక్టరమ్మ ఒక పెట్టె తెచ్చింది. పుల్ల పెట్టి పొడిస్తే వేరుశనగలు రాలే పెట్టె. దొరసాని దాన్ని ఒకసారి చూసి వీపు తిప్పేసింది. బుద్ధి మందగించిందనీ, పడుచు చింపాంజీలు దీని తిండి లాక్కుంటాయనీ, ఇవాళ కూడా ఇలాగే ఉంటే దూరంగా ఉన్న ముసలివాటి కేంద్రానికి పంపక తప్పదనీ ఆవిడ చెప్పింది.

"బుద్ధి కాదమ్మా, రోషం," అన్నాడు మామగారు. "సర్కసులో దెబ్బలు తిని ఆడీ ఆడీ విసిగిపోయింది. ఆడమంటే చచ్చినా ఆడదు. ఆ మాట చెప్తే, పెంచిన ప్రేమ కొద్దీ అంటున్నారు అంటుంది డాక్టరమ్మ. ఆవిడనీ అనలేం. కళ్ళతో చూడందే ఎవరు నమ్ముతారు?"

దొరసానిని పంపేస్తే ఈ మనిషి ఏమైపోతాడోనని కోడలికి భయమేసింది. వచ్చిన కొత్తలో అది తిండి ముట్టకపోతే రోజుల తరబడి పక్కనే కూర్చుని తినిపించింది ఆయనే.

మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది.

"కోటు ఇటివ్వండమ్మా, లోపల ఉక్కగా ఉంటుంది," అన్నాడు మామగారు.

దాన్ని తగిలించి రావడానికి ఆయనకు చాలాసేపే పట్టింది. కొక్కెం ఎక్కడుందో కూడా మర్చిపోయాడేమోనని కోడలు కంగారుపడింది.

పెట్టె పెట్టారు. దొరసాని చూసింది, ఆవులించింది, వీపు తిప్పింది. డాక్టరమ్మ ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు.

"ఏమనుకోకండి. మీకెంత కష్టమో తెలుసు. వచ్చే వారం బండి పంపిస్తాను," అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

కోడలికి కళ్ళనీళ్ళు ఆగలేదు. మామగారు మాత్రం, "మంచినీళ్ళు తాగి వెళ్ళండమ్మా, ఎండగా ఉంది," అన్నాడు. బాధపడటం కూడా మర్చిపోయాడా ఈయన, అనుకుంది కోడలు.

డాక్టరమ్మ కోటు వేసుకుని జేబులో చెయ్యి పెట్టింది. ఆ జేబూ, ఈ జేబూ వెతికింది.

"నా కారు తాళాలేవీ?"

జాలీ వెనక గలగలమంది.

"అయ్యయ్యో! దీని చేతివాటం మండ!" అన్నాడు మామగారు. "లాక్కోకూడదు కదా. పళ్ళు పట్రా అమ్మాయ్."

డాక్టరమ్మ స్వయంగా యాపిల్ ముక్క అందించింది. దొరసాని ఒక చిన్న తాళం ఊడదీసి ఇచ్చింది. రెండో ముక్క చిన్నదని వెనక్కి నెట్టి, బుట్టలో పెద్దదాన్ని వేలితో చూపించింది. అది పుచ్చుకున్నాకే రెండో తాళం ఇచ్చింది. కారు తాళాన్ని మాత్రం పాదం కింద దాచుకుని దిక్కులు చూడసాగింది.

ముక్క చూపిస్తే కదల్లేదు. రెండు ముక్కలకీ కదల్లేదు. అరటిపళ్ళ అత్తం మొత్తం వచ్చాక కాలు తీసింది. తాళం ఇచ్చేసి, ఉత్త రింగుని కూడా పైకెత్తి, దీనికేమిస్తావన్నట్టు చూసింది.

డాక్టరమ్మ నవ్వీ నవ్వీ నేలమీద కూలబడింది.

"విడివిడిగా అమ్మితే లాభమని తెలుసు! నాక్కావలసింది కారు తాళమనీ కనిపెట్టింది! ఇది నన్నే బజార్లో అమ్మేసి వస్తుంది. బండీ లేదు, గిండీ లేదు, దొరసాని ఇక్కడే ఉంటుంది."

కోడలు పట్టరాని సంతోషంతో బుట్టలో ఉన్న పళ్ళన్నీ జాలీ దగ్గర పెట్టేసింది.

కారెక్కుతూ డాక్టరమ్మ మామగారిని పక్కకి పిలిచింది. "మీవాళ్ళు చెప్పారు. ఆ మతిమరుపు సంగతి మాత్రం అశ్రద్ధ చెయ్యకండి."

"అలాగేనమ్మా, గుర్తుపెట్టుకుంటాను," అన్నాడాయన వినయంగా.

కారు వెళ్ళిపోయింది. అత్తయ్యకి కబురు చెప్పి కోడలు తిరిగొచ్చేసరికి, మామగారు జాలీకి ఆనుకుని కూర్చుని దొరసాని చెవిలో గుసగుసలాడుతున్నాడు.

"రేపటి నుంచి మనకి రిహార్సల్స్ లేవే తల్లీ!"